బందోబస్తు ఎవరికి? ప్రమాదం ఎవరి నుంచి?

పోలీసు రికార్డుల్లో 'సమస్యాత్మక గ్రామం' అనే మాట ఒకటుంది. ఎన్నికలొచ్చినా, తీర్థమొచ్చినా, అంబేద్కర్ జయంతి వచ్చినా ఈ మాట పేపర్లోకెక్కుతుంది. ఫలానా మండలంలో ఇన్ని సమస్యాత్మకం, ఇన్ని అతి సమస్యాత్మకం అని లెక్క చెబుతారు. ఆ ఊళ్ళో సమస్య ఎవరు, ఎవరికి సమస్య అన్నది మాత్రం చెప్పరు. గోదావరి జిల్లాల పేటల్లో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. టెంటు వేసేది పేట మొగలో. పికెట్ కూచునేది పేట మొగలో. పేర్లు రాసుకునేది పేట కుర్రాళ్ళవి. తాసిల్దారు ముందు బైండోవర్ అయ్యేదీ వాళ్ళే. విగ్రహం పెట్టిన వాడి పేరు రికార్డులో ఉంటుంది. విగ్రహం తీసేసిన వాడు 'గుర్తు తెలియని వ్యక్తి'.

పోలీసుల దౌర్జన్యం మీద మన ఉద్యమం చాలా రాసింది, ఇంకా రాయాలి. అయితే మనం ఎప్పుడూ లాఠీ దగ్గరా, తూటా దగ్గరా ఆగిపోతున్నాం. లాఠీ లేవడానికి ముందు ఒక గదిలో కూచుని వేసుకున్న ప్లాను ఒకటుంటుంది గదా, దాని జోలికి పోవడం లేదు. ఎంత బలగం కావాలి, ఎక్కడ నిలబెట్టాలి, ఎవరిని ముందే ఆపాలి, ఎవరికి రక్షణ ఇయ్యాలి, పరిస్థితి చెయ్యి దాటితే ఎవరు ఉత్తర్వు ఇయ్యాలి, దెబ్బలు తగిలిన వాళ్ళని ఎటు తీసుకుపోవాలి - ఇదంతా ముందుగానే తేలుతుంది. తేలాలి. దీన్ని వాళ్ళ భాషలో రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. ప్రమాదాన్ని ముందుగా తూచటం. తూచేటప్పుడు తక్కెడ ఎవరి చేతిలో ఉంది, రాయి ఎంత బరువుంది అన్నదే నా ప్రశ్న. ఇది సాంకేతిక విషయం, పోలీసు ట్రైనింగ్ కాలేజీ వ్యవహారం అని వదిలెయ్యడానికి లేదు. కులం అన్నిటికంటే బాగా దాక్కునేది సాంకేతిక విషయాల్లోనే.

మన కళ్ళ ముందు జరిగిన దానితోనే మొదలు పెడదాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా పుట్టింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. మే 18న ప్రభుత్వం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా పేరు మారుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజులు గడువిచ్చింది. అల్లూరి పేరుతో, ఎన్టీఆర్ పేరుతో, సత్యసాయి పేరుతో, అన్నమయ్య పేరుతో కూడా జిల్లాలు వచ్చాయి. పేరు కోసం అక్కడ ఇళ్ళు తగలబడలేదు. ఇక్కడ తగలబడ్డాయి. మే 24న కోనసీమ పేరే ఉండాలనే వాళ్ళు కలెక్టరేట్‌కి కదిలారు. 144 సెక్షన్ ఉంది. పోలీసు చట్టం 30 సెక్షన్ ఉంది. ఉండగానే వేల మంది వచ్చారు. రాళ్ళు పడ్డాయి, జిల్లా ఎస్పీని కూడా వదల్లేదు, 20 మందికి పైగా పోలీసులకి దెబ్బలు తగిలాయి. బస్సులు తగలబడ్డాయి. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, బీసీ ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. ఆ తర్వాత జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు.

మరునాడు పేపర్లు చూస్తే 'ఆందోళనకారులు', 'ఉద్రిక్తత', 'రణరంగం' అన్న మాటలు. పార్టీలేమో నువ్వు చేయించావంటే నువ్వు చేయించావని ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఈ గోలలో ఒక మామూలు ప్రశ్న మునిగిపోయింది. మే 18కీ మే 24కీ మధ్య ఆరు రోజులున్నాయి. ఆ ఆరు రోజుల్లో ప్రమాదాన్ని ఎవరు తూచారు? ఏమని తూచారు?

ఫలితాన్ని బట్టి చూస్తే ప్లానులో కలెక్టరేట్ అనే భవనం ఉంది. మనుషులు అంతగా లేరు. గుంపు కోపం ఒక ఆఫీసు మీద అనుకున్నారు. ఆ కోపం ఒక పేరు మీద, ఆ పేరు మోసే మనుషుల మీద అని లెక్క వేసి ఉంటే, ఆ పేరుకి దగ్గరగా ఉన్న ఇళ్ళు ఏవి అన్న ప్రశ్న వచ్చి ఉండేది. మంత్రి ఇల్లు అంటే గన్‌మెన్ ఉండే ఇల్లు, వైర్‌లెస్ సెట్టు మోగే ఇల్లు. దానికే దిక్కు లేనప్పుడు అమలాపురం చుట్టూ ఉన్న పేటల సంగతి ఏంటి? గుంపు ఆ సాయంత్రం కలెక్టరేట్ నుంచి ఇళ్ళ మీదకి మళ్ళినట్టే పేటల మీదకి మళ్ళి ఉంటే? మళ్ళలేదు కాబట్టి సరిపోయింది అనుకోవటం ప్లాను కాదు, అదృష్టం.

ఒక సమాధానం నేను విన్నాను, మీరూ వినే ఉంటారు. పోలీసులు సంయమనం పాటించారు, కాల్పులు జరిపి ఉంటే శవాలు లేచేవి అని. నిజమే. ఎందుకు కాల్చలేదు అని నేనడగను. దళితుడన్నవాడు ఆ ప్రశ్న వేయకూడదు కూడా. కాల్చే అలవాటు ఒకసారి మొదలైతే అది చివరికి ఎవరి గుండెల మీదకొస్తుందో మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయితే సంయమనం అనేది గుంపు ఎదురుగా నిలబడ్డ క్షణంలో పుట్టే గుణం కాదు. ఆరు రోజుల ముందు పని చేసి ఉంటే ఆ క్షణం దాకా రానక్కర్లేదు. రెండో సంగతి, ఈ సంయమనం అందరికీ ఒకటే కొలతలో దొరుకుతుందా? అదే రోజున, అదే ఊళ్ళో, పేటల కుర్రాళ్ళు వేల మంది వచ్చి ఒక పెద్దకులం మంత్రి ఇంటికి నిప్పు పెట్టి ఉంటే ఎస్పీ గారి ప్లాను ఎలా ఉండేది? ఇది ఊహ అనకండి. చరిత్రలో జవాబుంది.

చుండూరు. 1991. అప్పటి గుంటూరు జిల్లా. జులైలో తెనాలి సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదాతో మొదలై, దళితుల సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఊళ్ళో 144 సెక్షన్. ఊళ్ళో పోలీసు పికెట్. అంటే ప్రమాదం ఉందని సర్కారుకి తెలుసు, కాగితం మీద రాసుకుంది, మనుషుల్ని పంపింది. ఆగస్టు 6న పోలీసులు దళితవాడలోకొచ్చారు. మగవాళ్ళని పారిపొమ్మన్నారు. పారిపోయిన వాళ్ళు చేలల్లోకి పరిగెత్తారు. చేలల్లో కత్తులతో, బరిసెలతో కాచుకుని ఉన్నారు. 8 మంది దళితుల్ని చంపి, శవాలని గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పడేశారు.

దీన్ని 'పోలీసుల వైఫల్యం' అని రాశారు. మన వాళ్ళు కూడా కొందరు అదే మాట వాడారు. ఆ మాటతో నాకు పేచీ. వైఫల్యం అంటే చేయాలనుకున్నది చేయలేకపోవటం. ఇక్కడ పికెట్ ఉంది, సమాచారం ఉంది, అధికారం ఉంది. లేనిది ఒక్కటే: పారిపొమ్మన్న వాళ్ళు ఎటు పారిపోతారు అన్న ఆలోచన. ఆ దారి ఎక్కడికి పోతుంది, ఆ దారిలో ఎవరున్నారు అని చూడకుండా మనుషుల్ని తోలటం ఏ ప్లానులో ఉంటుంది? ఆ మనుషుల ప్రాణం లెక్కలో లేని ప్లానులో ఉంటుంది. తర్వాత సెప్టెంబరులో న్యాయం కోసం కూచున్న దళితుల మీద పోలీసు కాల్పులు జరిగి ఒక యువకుడు చనిపోయాడు. చంపిన వాళ్ళు చేలల్లో కాపు కాసినప్పుడు పేలని తుపాకీ, ఏడుస్తూ కూచున్న వాళ్ళ మీద పేలింది. సంయమనం కొలత ఇదీ. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది.

ఇంతకీ చట్టం ఏమంటోంది? ఇక్కడే మనం కాస్త ఆగాలి. మన కార్యకర్తల్లో చాలామందికి అట్రాసిటీ చట్టం అంటే కేసు పెట్టే చట్టం అనే తెలుసు. 3వ సెక్షన్ కంఠతా వస్తుంది. కానీ 1989 చట్టంలో 17వ సెక్షన్ ఒకటుంది. ఒక ప్రాంతంలో ఎస్సీలు, ఎస్టీలు కాని వాళ్ళు అత్యాచారానికి దిగుతారనే నమ్మకం కలిగితే కలెక్టరు గానీ, ఆర్డీవో గానీ, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ విచారించి ఆ ప్రాంతాన్ని అత్యాచారాలకి అవకాశమున్న ప్రాంతంగా ప్రకటించి ముందస్తు చర్య తీసుకోవచ్చు. 1995 నియమాల్లో 3వ నియమం ఇంకా వివరంగా చెబుతుంది. అలాంటి ప్రాంతాల్ని గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ వెళ్ళి చూడాలి. అవసరమైతే అక్కడి దళితేతరుల ఆయుధాల లైసెన్సులు రద్దు చేసి వాటిని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. లైసెన్సు లేని తుపాకులు పట్టుకోవాలి. ప్రత్యేక పోలీసు బలగం పెట్టాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకే ఆయుధాల లైసెన్సులు ఇవ్వొచ్చు. 8వ నియమం కింద రాష్ట్ర స్థాయిలో రక్షణ విభాగం ఉండి ఈ ప్రాంతాల్ని సర్వే చేయాలి. 15వ నియమం కింద రాష్ట్ర ప్రభుత్వం కంటింజెన్సీ ప్లాన్ తయారు చేయాలి. 4వ సెక్షన్ కింద, విధుల్ని కావాలని నిర్లక్ష్యం చేసిన దళితేతర అధికారికి జైలు.

చదవండి మళ్ళీ ఒకసారి. ప్రమాదాన్ని ముందే తూచమని చెప్పే చట్టం ఇది. మామూలు పోలీసు పద్ధతిని తలకిందులు చేసే చట్టం. సమస్యాత్మకం అయ్యేది పేట కాదు, పేట మీదకి వచ్చేవాళ్ళు. ఆయుధాలు వెతకాల్సింది పెద్దవీధిలో. బైండోవర్ కావాల్సింది ఆ వీధి పెద్దలు. అమలాపురంలో ఆ ఆరు రోజుల్లో చేయాల్సిన పనికి ఆధారం ఈ 17వ సెక్షనే. 144 మాత్రం అందరికీ ఒకటే కత్తి. అది రాళ్ళేసే వాణ్ణీ ఆపుతుంది, రాళ్ళు పడితే కాపాడమని అర్జీ పట్టుకుని నలుగురు కలిసి వెళ్ళే వాణ్ణీ ఆపుతుంది. ఆచరణలో రెండో వాడే ముందు ఆగిపోతాడు. 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144 కాస్తా 163 అయింది, 107 కాస్తా 126 అయింది. అంకెలు మారాయి. టెంటు మాత్రం పేట మొగలోనే ఉంది.

దీనికి వేర్లు పాతవి. 1861 పోలీసు చట్టంలో 15వ సెక్షన్ ఏం చెబుతుందో చూడండి. ఏదైనా ప్రాంతం అల్లర్లతో ప్రమాదకరంగా ఉందనుకుంటే అక్కడ అదనపు పోలీసుల్ని దించొచ్చు, ఖర్చు ఆ ఊరివాళ్ళే భరించాలి. తెల్లవాడికి ప్రమాదం అంటే తన పాలనకి ప్రమాదం. 1922లో రంప మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు లేచినప్పుడు మలబార్ స్పెషల్ పోలీసుల్ని, తర్వాత అస్సాం రైఫిల్స్‌ని దించారు. ఆ ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయిన సంగతి పుస్తకాల్లో పేర్లతో సహా ఉంది. బలగాలకి బియ్యం మోసిన వాళ్ళ, దారి చూపమని తన్నులు తిన్న వాళ్ళ పేర్లు వెతకండి, దొరుకుతాయేమో. స్వాతంత్ర్యం తర్వాత చట్టం పుస్తకంలో ఒక మంచి మార్పొచ్చింది. పౌరహక్కుల రక్షణ చట్టంలోని సామూహిక జరిమానా నిబంధన అట్రాసిటీ చట్టం 16వ సెక్షన్ ద్వారా వర్తిస్తుంది. అంటే అత్యాచారం చేసిన వాళ్ళకి అండగా నిలిచిన ఊరి మీద జరిమానా వేయొచ్చు. తెల్లవాడు ఖర్చు వసూలు చేయటం మర్చిపోలేదు. మన వాళ్ళు మర్చిపోయారు.

ఇక డెల్టా సంగతి. ప్రమాదాన్ని తూచే అధికారి నేల చూసి తూచాలి. గోదావరి డెల్టాలో పేటలు ఎక్కడుంటాయో చూడండి. ఊరికి చివర, కాలవ గట్టున, మురుగు కోడు పక్కన, శ్మశానం దారిలో. పల్లంలో. చాలా పేటలకి బండి పోయే దారి ఒక్కటే, అదీ పెద్దవీధిలోంచే. రెండో దారి అంటే పుంత. వానాకాలం పుంత అంటే మోకాలి లోతు బురద. వెనక కాలవ. కాలవ అవతల చేలు. ఆ చేలు ఎవరివి? మనం కౌలుకి చేసేవి, కూలికి పోయేవి. యజమాని ఎవరో వేరే చెప్పాలా? సాంఘిక బహిష్కరణ పెడితే ఆ చేలగట్టు మీద కాలు పెట్టనివ్వరు, కిరాణా కొట్టు ఇయ్యదు, పాలు పొయ్యరు. పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం గురించి సరిగ్గా ఇదే జరిగింది. పిల్లల పాలు ఆగిపోవటం, పనులు ఆగిపోవటం పోలీసు లెక్కలో ప్రమాదం కాదు. రాయి పడితేనే ప్రమాదం. బహిష్కరణ అనేది రాయి పడటానికి ముందు మెట్టు అని కారంచేడు నుంచి చుండూరు దాకా చూసిన వాళ్ళెవరైనా చెబుతారు. చుండూరులో నెల రోజుల బహిష్కరణ తర్వాతే ఆగస్టు 6 వచ్చింది.

ఇదంతా సర్కారుకి చేతకాని పనా అంటే కాదు. ఈ జిల్లాల్లోనే ఇంకో ప్లాను ఎలా వేస్తారో చూడండి. తుఫాను ప్లాను. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమని, కాకినాడ తీరాన్ని ఊడ్చి పారేసింది. వేట పడవలు పోయాయి, కొబ్బరి తోటలు పోయాయి, జనం పోయారు. అక్కణ్ణించి పాఠం నేర్చుకున్నారు. ఏ లంక మునుగుతుంది, ఏ గట్టు బలహీనం, ఎన్ని పడవలు, ఎన్ని ఇసక బస్తాలు, ఏ బడిలో ఎంతమందిని పెట్టాలి, బియ్యం ఎక్కడ, గర్భిణీ స్త్రీలు ఎవరు - కాగితం మీద ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ ప్రమాదానికి ఏ పని అని తేల్చిపెట్టారు. నీటిమట్టానికి గేజీ ఉంది. బహిష్కరణ పెట్టారు అంటే మొదటి హెచ్చరిక, విగ్రహం వేలు విరిచారు అంటే రెండోది, ఊళ్ళో ఒక కులం మీటింగు పెట్టుకుని పక్క ఊళ్ళ నుంచి మనుషుల్ని పిలిచింది అంటే మూడోది అని గేజీ పెట్టడానికి ఏం అడ్డం? కులం వరద కంటే కనపడని వస్తువేమీ కాదు గదా.

రాజమండ్రిలో 2015 జులై 14న పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట కూడా ఈ సందర్భంలోనే గుర్తు చేసుకోవాలి. మొదటి రోజే పాతిక మందికి పైగా చనిపోయారు. పోలీసులు లేక కాదు. ఆ ఉదయం ముఖ్యమంత్రి అదే ఘాట్‌లో స్నానం చేశారు. ఎవరి స్నానం కోసం ప్లాను, ఎవరి ఊపిరి ప్లాను బయట అన్నది అక్కడ కులం పేరు ఎత్తకుండానే అర్థమైంది.

ప్రపంచంలో ఈ విషయం మీద ఒక ముఖ్యమైన తీర్పుంది. 1988 మార్చి 6న జిబ్రాల్టర్‌లో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ వాళ్ళని ముగ్గుర్ని బ్రిటిష్ సైనికులు కాల్చి చంపారు. కారులో బాంబు ఉందని, మీట వాళ్ళ చేతిలో ఉందని నమ్మారు. తీరా చూస్తే వాళ్ళ దగ్గర ఆయుధమూ లేదు, మీటా లేదు, ఆ కారులో బాంబూ లేదు. యూరప్ మానవ హక్కుల కోర్టు 1995లో తీర్పు చెబుతూ, కాల్చిన సైనికులు నిజాయితీగానే నమ్మి కాల్చారు అంది. అయినా బ్రిటన్‌ది తప్పే అని 10 మంది న్యాయమూర్తులు, కాదని 9 మంది. ఎందుకు తప్పు? ఊళ్ళోకి రాకుండా ముందే ఆపగలిగీ ఆపలేదు. అందిన సమాచారం తప్పు కావచ్చునన్న అవకాశం ప్లానులో పెట్టుకోలేదు. అంటే ట్రిగ్గర్ నొక్కిన వేలు దగ్గర కాక, ప్లాను వేసిన గది దగ్గర నేరాన్ని వెతికారు. మన దేశంలో 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటిదే, ముందుగా అందిన సమాచారాన్ని ఏదో ఒక రూపంలో రాసి పెట్టాలని. ఇంతకు ముందు అది కూడా లేదన్న మాట.

ఇంకో ఉదాహరణ మనకి మరీ దగ్గర. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం. 1985 మే 13. మూవ్ అనే నల్లవాళ్ళ సంస్థ ఉన్న ఇంటి మీద పోలీసులు హెలికాప్టర్ నుంచి బాంబు వేశారు. మంటల్ని వెంటనే ఆర్పలేదు. 11 మంది చనిపోయారు, అందులో 5 మంది పిల్లలు. 61 ఇళ్ళు కాలిపోయాయి, అన్నీ నల్లవాళ్ళ ఇళ్ళు. విచారణ కమిషన్ 1986లో ఏమందంటే, ఇలాంటి నిర్ణయాలు ఇదే స్థాయి తెల్లవాళ్ళ పేటలో అయితే తీసుకుని ఉండేవాళ్ళు కాదని. ఈ కథలో మనం పట్టుకోవాల్సిన ముడి ఇంకోటుంది. ఆ రోజు ఆ నగర మేయర్ నల్లజాతి మనిషే, విల్సన్ గూడ్. అమలాపురం తగలబడ్డ రోజు రాష్ట్ర హోంమంత్రి తానేటి వనిత, మన గోదావరి జిల్లా దళిత మహిళ. తగలబడ్డ ఇల్లు దళిత మంత్రిది. పదవి మనకి ఇచ్చినంత మాత్రాన ప్లాను రాసే బల్ల దగ్గర కుర్చీ ఇచ్చినట్టు కాదు. రాజ్యాధికారమే మాస్టర్ కీ అని మనం చెప్పుకుంటాం. తాళంచెవి చేతిలో ఉన్నా, ఏ గదికి తాళం ఉందో తెలియకపోతే ఉపయోగం ఏంటి?

రాజ్యానికి తూచటం రాదని కూడా అనకూడదు. 1987 డిసెంబరులో అప్పటి తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారుల్ని పట్టుకుపోయింది. వాళ్ళలో ఎస్.ఆర్. శంకరన్ గారున్నారు. దళితుల కోసం, వెట్టి విముక్తి కోసం జీవితం పెట్టిన మనిషి. ఎన్టీఆర్ ప్రభుత్వం బలగాల్ని అడవిలోకి తోలలేదు. ఖైదీల్ని వదిలి అధికారుల్ని తెచ్చుకుంది. అది సరైన పని. బందీల ప్రాణం ముందు, పరువు తర్వాత అని తూచింది. తక్కెడ పని చేస్తుందని అక్కడ రుజువైంది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో కూంబింగ్‌కి వెళ్ళిన గ్రేహౌండ్స్ మీద 11 మంది ఆదివాసీ స్త్రీలు అత్యాచార ఆరోపణ చేశారు. అక్కడ తక్కెడ ఏమైంది? కూంబింగ్ ప్లానులో మందుపాతర ఎక్కడుంటుందో ఉంటుంది. ఊళ్ళో స్త్రీలుంటారన్న సంగతి ఉంటుందా? 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పోలీసులందర్నీ వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెబుతూనే ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. దర్యాప్తు చెడగొట్టిన వాళ్ళ పని దర్యాప్తు చెడగొట్టటమే అయినప్పుడు ఆ తీర్పు అలా కాక ఎలా వస్తుంది!

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బందోబస్తులో ముందు వరసలో రాళ్ళు తినేది కూడా మన వాళ్ళే. హోంగార్డు, కానిస్టేబుల్, ఏపీఎస్పీ జవాను - పేటల్లోంచి, బీసీ వీధుల్లోంచి పోయిన పిల్లలు. ఫైబరు డాలు చాలక, హెల్మెట్ లేక తల పగలగొట్టుకున్న కానిస్టేబుల్ ప్రాణం కూడా ఆ ప్లానులో చవకే. 2008 జూన్‌లో బలిమెల రిజర్వాయరులో పడవ మీద తీసుకొస్తూ 30 మందికి పైగా జవాన్లని పోగొట్టుకున్నారు. ప్లాను వేసిన వాళ్ళెవరూ ఆ పడవలో లేరు. పోలీసు సంస్కరణ గురించి మాట్లాడేటప్పుడు ఈ కోణం మనం వదలకూడదు. మా ఊరి కుర్రాడొకడు బందోబస్తు డ్యూటీకి పోయి వచ్చి, 'ఎవర్ని ఆపాలో చెప్పలేదండీ, నిలబడమన్నారు, నిలబడ్డాం' అన్నాడు. ప్లాను మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

కేసుల సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. అమలాపురం కేసులు ఎత్తేస్తామని 2023 మార్చిలోనే ప్రభుత్వం ప్రకటించింది. పది నెలలు. అన్ని వర్గాలూ సామరస్యంగా ఉండాలట. ఇదే డెల్టాలో, రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న దళితుల్ని కొట్టి, ఇద్దరికి శిరోముండనం చేసిన కేసులో తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఇరవై ఏడేళ్ళు దాటాక 18 నెలల శిక్ష. ఈ మధ్యలో, 2020 జులైలో, సీతానగరంలో ఒక దళిత యువకుడికి సాక్షాత్తు పోలీస్ స్టేషన్‌లోనే శిరోముండనం చేశారు. స్టేషనే ప్రమాదమైతే దాన్ని తూచే ఫారం ఏదీ లేదు. నేరం చేసిన వాడికి శిక్ష పడదన్న నమ్మకం, తర్వాతి నేరానికి అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. దాన్ని లెక్కలోకి తీసుకోని రిస్క్ అసెస్‌మెంట్ చెత్తబుట్టలోకి.

మన ఉద్యమం వైపు చూద్దాం. దాడి జరిగాక మనం అడిగేవి మూడు: పికెట్, ఎక్స్‌గ్రేషియా, అరెస్టులు. మూడూ అవసరమే. కానీ పికెట్ అడిగేటప్పుడు ఎక్కడ అని అడగటం లేదు. ఎవరి వైపు మొహం పెట్టి కూచోవాలి అని అడగటం లేదు. మనం ర్యాలీ పెట్టినప్పుడు కూడా, తిరిగొచ్చే దారిలో ఏ ఊరి మీదుగా రావాలి, ఆడవాళ్ళ బండి ఏది ముందు, డ్రైవరు ఎవరు, చీకటి పడితే ఎక్కడ ఆగాలి అన్నది నాయకులు చూసుకోవటం లేదు. పేట వాళ్ళకి ఈ తెలివి మనం నేర్పక్కర్లేదు. గొడవ వాసన రాగానే పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేస్తారు, గేదెల్ని విప్పేస్తారు, కాగితాలు, బంగారం ముక్క ఉంటే చీరకొంగున కట్టుకుంటారు. ఇది రిస్క్ అసెస్‌మెంట్ కాకపోతే ఏంటి? తరతరాలుగా ఆ పని చేస్తూ వచ్చింది మన ముసలమ్మలు. డీఎస్పీ గారు వాళ్ళని అడిగితే చాలు, ఏ ఇంటి అరుగు మీద మనుషులు పోగవుతున్నారో చెబుతారు.

అడిగే చోటు కూడా ఉంది. ప్రతి నెలా 30వ తేదీన పౌరహక్కుల దినం అని తాసిల్దారు, ఎస్సై పేటకి రావాలి. వస్తారు. కుర్చీలు వేస్తారు, రెండు గ్లాసుల పద్ధతి ఉందా అని అడుగుతారు, లేదండి అంటారు, ఫొటో తీసుకుని పోతారు. లేదండి అన్నవాడు రేపు ఆ కొట్టుకే టీకి పోవాలి గదా, నలుగురి ముందు ఉందని ఎలా చెబుతాడు? అడిగే పద్ధతే నోరు మూయించే పద్ధతి. ఆడవాళ్ళని వేరేగా అడగండి, పేట లోపల అడగండి, ఊరి పెద్దల్ని వెంటబెట్టుకు రాకుండా అడగండి. దాన్ని రాసి, 3వ నియమం కింద పైకి పంపండి. జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూచోవాలి. ఆ కమిటీలో మన సభ్యులుంటారు. కేసులెన్ని, పరిహారం ఎంత అన్న దగ్గరే మీటింగు అయిపోతుంది. వచ్చే మూడు నెలల్లో ఏ ఊళ్ళో ఏం జరగొచ్చు అన్న ప్రశ్న ఒక్కటి ఎజెండాలో పెట్టించండి.

విద్యార్థి సంఘాల మిత్రులకి ఒక పని చెబుతాను. గోదావరి జిల్లాల కలెక్టరేట్లకి, ఎస్పీ ఆఫీసులకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టండి. 17వ సెక్షన్ కింద ఏ గ్రామాల్ని ప్రకటించారు, ఏ తేదీన? 3వ నియమం కింద కలెక్టరు, ఎస్పీ ఏ ఊళ్ళు తిరిగారు? ఎన్ని ఆయుధాల లైసెన్సులు రద్దు చేశారు? 15వ నియమం ప్లాను కాపీ ఇవ్వండి. 2022 మే 18 నుంచి 24 దాకా అమలాపురంలో ఎంతమందిని బైండోవర్ చేశారు? శాంతిభద్రతల రహస్యం, ఇవ్వం అంటారు. ప్రకటించమని చట్టం చెప్పిన జాబితా రహస్యం ఎలా అవుతుందని అప్పీలు వేయండి. జిల్లా ఆఫీసుకి 10 రూపాయలు, మండలానికి 5, గ్రామంలో అడిగితే రుసుమే లేదు. జవాబులు వచ్చినా రాకపోయినా, కాగితాలన్నీ పోగేసి ఈ పత్రికకి పంపండి.